బయోటెక్, ఫార్మా చదువులకు ప్రభుత్వ శిక్షణ ప్లాంట్ కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ముఖ్యమంత్రి గారికి,

నకళ్లు: విద్య, పరిశ్రమలు, కార్మిక శాఖల కార్యదర్శులకు, రాష్ట్ర ఉన్నత విద్యామండలికి, రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు.

విషయం: రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మందులు, టీకాల తయారీకి సంబంధించిన కోర్సులు చదివే విద్యార్థులకు శిక్షణ ప్లాంట్, స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్, పరిశోధక విద్యార్థులకు ఫెలోషిప్, అధ్యాపక పోస్టుల భర్తీ గురించి.

అయ్యా,

మేము రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, వాటి అనుబంధ కళాశాలల్లో ఫార్మసీ, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ చదువుతున్న విద్యార్థులం. మాలో కొందరు చదువు ముగించి జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, జడ్చర్ల, తుర్కపల్లి వైపు కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్‌లోనో ప్రొడక్షన్‌లోనో పనిచేస్తున్నారు. కొందరు పీహెచ్‌డీ చేస్తున్నారు. ఇంకొందరు కాంట్రాక్టు అధ్యాపకులుగా పాఠాలు చెబుతున్నారు. వేర్వేరు మెట్ల మీద ఉన్నా మా కష్టం పుట్టేది ఒక్కచోటే. డిగ్రీ ఇచ్చే చోట ప్లాంట్ లేదు. ప్లాంట్ ఉన్నచోట మమ్మల్ని చేయి పెట్టనివ్వరు.

దేశంలో తయారయ్యే మందుల్లో మూడోవంతుకు పైగా మన రాష్ట్రానివేనని, ప్రపంచానికి వెళ్లే టీకాల్లో పెద్ద వాటా జీనోమ్ వ్యాలీదేనని ప్రభుత్వం ఏటా బయో ఏషియా సదస్సులో చెబుతోంది. 2025లో ఆమ్జెన్, ఎలీ లిల్లీ వంటి సంస్థలు హైదరాబాద్‌లో తమ కేంద్రాలు తెరిచాయి. ఈ మాటలు విన్నప్పుడు మాకూ గర్వంగానే ఉంటుంది. అదే నగరంలో ఏ ఆదివారమైనా వాక్-ఇన్ ప్రకటన పడితే, పొద్దున ఎనిమిదింటికల్లా కంపెనీ గేటు ముందు వందలమంది ఫైళ్లు పట్టుకుని నిలబడి ఉంటారు. లోపల అడిగేవి పుస్తకంలో ప్రశ్నలు కావు. హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద సొంతంగా ఎన్ని శాంపిళ్లు నడిపావు? ప్రెషర్ ఉన్నట్టుండి పెరిగితే మొదట ఏం చూస్తావు? ఫలితం స్పెసిఫికేషన్ దాటి వస్తే ఎవరికి చెబుతావు, అంతవరకు ఆ శాంపిల్‌ను ఏం చేస్తావు? ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసులో పాసైన అమ్మాయి క్రొమాటోగ్రఫీ సిద్ధాంతం గుక్క తిప్పుకోకుండా చెప్పగలదు. కానీ మొబైల్ ఫేజ్ కలిపి, వడగట్టి, డీగ్యాస్ చేసి, కాలమ్ బిగించి, బేస్‌లైన్ నిలకడకు వచ్చేదాకా కూర్చున్న అనుభవం ఆమెకు ఉండదు. వాళ్ల డిపార్ట్‌మెంట్‌లో మిషన్ ఒక్కటే. కాలమ్ పాడైతే కొత్తది కొనే బడ్జెట్ ఉండదు. ముప్పై మంది చుట్టూ నిలబడి ఒక్కరు నొక్కిన బటన్ చూసి వచ్చారు. బావి గట్టున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టుంది మా చదువు.

గేటు దగ్గర కాదనిపించుకున్నవాళ్లు అమీర్‌పేటకో ఎస్సార్ నగర్‌కో చేరతారు. క్లినికల్ రీసెర్చ్, ఫార్మకోవిజిలెన్స్, రెగ్యులేటరీ అఫైర్స్, హెచ్‌పీఎల్‌సీ శిక్షణ అంటూ బోర్డులు పెట్టిన సంస్థలకు వేలకు వేలు కడతారు. హాస్టల్ అద్దె అదనం. నల్గొండ నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చిన రైతు కుటుంబం డిగ్రీ కోసం ఒకసారి, ఆ డిగ్రీ పనికొచ్చేలా చేసుకోవడం కోసం మరోసారి అప్పు చేస్తోంది. విశ్వవిద్యాలయం నేర్పాల్సింది నేర్పకపోతే ఆ ఖర్చు మాయమైపోదు. చెల్లించే స్తోమత అందరికంటే తక్కువ ఉన్నవాళ్ల మీద పడుతుంది. మా విన్నపానికి మూలం ఇదే.

ఈ పరిశ్రమ ఇక్కడ ఎలా వేళ్లూనుకుందో పెద్దలకు తెలియంది కాదు. 1960లలో సోవియట్ సహకారంతో బాలానగర్‌లో ఐడీపీఎల్ సింథటిక్ డ్రగ్స్ ప్లాంట్ వచ్చింది. ప్రజాధనంతో నడిచిన ఆ ప్లాంట్‌లో రియాక్టర్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్లే తర్వాత హైదరాబాద్‌లో బల్క్ డ్రగ్ కంపెనీలు పెట్టారు, నడిపారు. డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌ను 1984లో స్థాపించిన అంజిరెడ్డి గారు అంతకుముందు ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. 1970 పేటెంట్ చట్టం మందుల విషయంలో తయారీ పద్ధతికే పేటెంట్ ఇవ్వడంతో కొత్త పద్ధతి కనిపెట్టగల కెమిస్టుకు విలువ పెరిగింది. అలాంటి కెమిస్టులు అప్పటికే ఇక్కడ సిద్ధంగా ఉన్నారు. బయోటెక్ వైపూ ఇదే జరిగింది. 1993లో మొదలైన శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా మీద పరిశోధనను ప్రభుత్వ ప్రయోగశాల సీసీఎంబీ ఆవరణలో సాగించింది. 1997లో శాన్వాక్-బి బజారుకు వచ్చాక, అప్పటిదాకా సామాన్యులు కొనలేని టీకా చౌకగా దొరికింది. ప్రభుత్వ ప్రయోగశాల తలుపు తెరిస్తే ఏం జరుగుతుందో చూపడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

ఐడీపీఎల్ మూతపడింది. ఆ ఆవరణలోనే 2007 నుంచి జాతీయ ఫార్మా విద్యా, పరిశోధన సంస్థ నైపర్ నడుస్తోంది. నైపర్ మంచి సంస్థే, కానీ అక్కడ దొరికేవి పరిమితమైన సీట్లు, అవి కూడా జాతీయ స్థాయి ప్రవేశపరీక్ష రాసినవారికి. కేంద్రం 2023లో ఐదువేల కోట్లతో ప్రకటించిన ఫార్మా పరిశోధన పథకంలో 700 కోట్లు ఏడు నైపర్‌లలో ఎక్సలెన్స్ కేంద్రాలకు కేటాయించారు. మందుల కంపెనీల్లో షిఫ్టుల్లో నిలబడి పనిచేస్తున్న వేలమందిని తయారుచేసేది మాత్రం ఉస్మానియా, కాకతీయ, జేఎన్‌టీయూ, పాలమూరు, మహాత్మాగాంధీ, శాతవాహన విశ్వవిద్యాలయాల కింద ఉన్న కాలేజీలు. నిధులు ఆ గడపదాకా రావడం లేదు.

అందుకే మా కోరికల్లో అన్నిటికంటే పెద్దది: అమ్మకానికి ఏమీ తయారుచేయని, నేర్పడానికే నడిచే ఒక పూర్తిస్థాయి ప్లాంట్‌ను ప్రభుత్వం జీనోమ్ వ్యాలీలో కట్టించి, దాన్ని రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ఆస్తిగా నడపాలి.

ఎందుకు ప్లాంటే కావాలంటున్నామో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. కంపెనీలు మమ్మల్ని నేర్చుకోనివ్వవని నింద వేయడం లేదు. వాటి ఇబ్బంది మాకు తెలుసు. టీకా తయారీలో ఒక బయోరియాక్టర్ బ్యాచ్‌లోకి బయటి బ్యాక్టీరియా చేరితే కోట్ల రూపాయల సరుకు పారబోయాలి. అలాంటి చోట విద్యార్థిని ఎవరు చేయి పెట్టనిస్తారు? అద్దం అవతలినుంచి చూపించి పంపిస్తారు. కాలేజీలోనేమో 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కు దాటి పైకి వెళ్లం. ఫ్లాస్కులో ఊపుతూ పెంచిన కణాలు 200 లీటర్ల పాత్రలో అలాగే పెరగవు. ఆక్సిజన్ అందదు, నురగ పొంగుతుంది, వేడి ఒకచోట పేరుకుంటుంది, తిప్పే వేగం పెంచితే కణాలు చితికిపోతాయి. ఈ తేడా పాఠంతో రాదు. ఆ పాత్ర పక్కన రాత్రంతా నిలబడి, పీహెచ్ పడిపోతుంటే ఏం చేయాలో తేల్చుకున్నవాడికే వస్తుంది. తప్పు జరిగినా ఎవరికీ నష్టం రాని పాత్ర ఎక్కడో ఒకచోట ఉండాలి. కంపెనీలో అది ఉండదు, కాలేజీలో లేదు. కాబట్టి ప్రభుత్వమే పెట్టాలి.

శుభ్రమైన గదిలోకి వెళ్లే ముందు దుస్తులు వేసుకునే పద్ధతినే చూడండి. టోపీ, మాస్కు, కవర్‌ఆల్, బూట్ల తొడుగులు, చివర గ్లవ్స్: దేని తర్వాత ఏది అన్నది పోస్టరు మీద ఉంటుంది, ఐదు నిమిషాల్లో కంఠతా వస్తుంది. కానీ నేర్చుకునేవారు దుస్తులు వేసుకున్నాక వాళ్ల గ్లవ్స్ వేళ్లను అగర్ ప్లేటు మీద అద్దించి ఇన్‌క్యుబేటర్‌లో పెట్టాలి. రెండు మూడు రోజుల తర్వాత ఆ ప్లేటు వాళ్ల చేతికే ఇవ్వాలి. కవర్‌ఆల్ నేలకు తగిలినా, తెలియకుండా మాస్కు సర్దుకున్నా, వేలిముద్ర ఉన్నచోట తెల్లటి చుక్కలు లేచి ఉంటాయి. ఆ చుక్కలు తన చేతివేనని ఒక్కసారి చూసిన మనిషి ఇక జన్మలో ఆ గదిలో మాస్కు ముట్టుకోడు. ఇంజెక్షన్ మందు ఎక్కించుకునే రోగి ప్రాణం ఆ అలవాటు మీద ఆధారపడి ఉంది. దీనికి కావలసినవి ఒక మంచి గది, ఓపికగల శిక్షకుడు, కొన్ని అగర్ ప్లేట్లు. మా కాలేజీల్లో చాలావాటిలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

ఇది ఎక్కడా లేని కోరిక కాదు. ఐర్లాండ్‌లో పరిశ్రమలను ఆకర్షించే ప్రభుత్వ సంస్థ డబ్బు పెట్టి, డబ్లిన్‌లో 2011లో నిబర్ట్ అనే బయోప్రాసెసింగ్ శిక్షణ, పరిశోధన సంస్థను తెరిపించింది. అసలు ఫ్యాక్టరీ ఎలా ఉంటుందో అలాగే కట్టారు, మందు మాత్రం అమ్మరు. అమెరికాలోని నార్త్ కరోలినాలో పొగాకు కంపెనీలు ఆ రాష్ట్రానికి చెల్లించిన పరిహారంలో కొంత గోల్డెన్ లీఫ్ అనే ఫౌండేషన్‌కు చేరింది. పొగాకు మీద బతికిన జిల్లాల పిల్లలకు వేరే బతుకుదెరువు చూపించాలని ఆ ఫౌండేషన్ నిధులిస్తే, నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో బీటీఈసీ (BTEC) అని పిలిచే బయోతయారీ శిక్షణ కేంద్రం 2007లో మొదలైంది. అక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో బయోవర్క్ అని ప్రాసెస్ టెక్నీషియన్లకు చిన్న కోర్సు కూడా ఉంది. డిగ్రీ లేనివాళ్లూ చేరవచ్చు. ఇందులో మాకు అన్నిటికంటే నచ్చింది డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నది. ఒక పరిశ్రమ మీద బతికి నష్టపోయిన ప్రాంతపు పిల్లలకు ఆ పరిశ్రమ చెల్లించిన డబ్బే చదువుగా తిరిగి వచ్చింది. ఫార్మా కంపెనీల వ్యర్థజలాలు చూసిన పటాన్‌చెరు చుట్టుపక్కల పల్లెలవాళ్లకు ఈ మాట వేరే వివరించనక్కర్లేదు.

ప్లాంట్ వచ్చాక దాని వాడకం మీద మాకు కొన్ని నిక్కచ్చి కోరికలున్నాయి. బీఫార్మసీ, బీటెక్ బయోటెక్నాలజీ, సంబంధిత ఎమ్మెస్సీ కోర్సుల విద్యార్థులందరికీ చివరి సెమిస్టర్‌కు ముందు ఆరు వారాల ఆవాస శిక్షణ తప్పనిసరి కావాలి. దానికి క్రెడిట్లుండాలి, రాత పరీక్ష వద్దు, చేసి చూపించిన పనికే మార్కులు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందే విద్యార్థుల దగ్గర శిక్షణకు, హాస్టల్‌కు ఒక్క రూపాయి తీసుకోకూడదు. రెండో దశలో పటాన్‌చెరు వైపు బల్క్ డ్రగ్ తయారీకి, వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం దగ్గర మాత్రలు, క్యాప్సూళ్ల తయారీకి చిన్న ప్లాంట్లు రావాలి. చిన్న కంపెనీలకూ ఇది మేలే. మందుల తయారీలో పాటించాల్సిన నాణ్యతా నియమాలు, అంటే సవరించిన షెడ్యూల్ ఎం, 2023 డిసెంబరులో నోటిఫై అయ్యాయి. చిన్న, మధ్య తరహా సంస్థలకు ఇచ్చిన గడువు పొడిగింపు 2025 డిసెంబరు 31తో ముగిసింది. రిస్క్ మేనేజ్‌మెంట్, కంప్యూటర్ వ్యవస్థల వాలిడేషన్, ఏటేటా నాణ్యత సమీక్ష, అన్నీ చేయాలి. పెద్ద కంపెనీకి సొంత శిక్షణ విభాగం ఉంటుంది. యాభై మందితో నడిచే యూనిట్ మనుషుల్ని ఎక్కడికి పంపాలి?

ఇక పైసా ఖర్చు లేకుండా వచ్చే సెమిస్టర్ నుంచే చేయగల పని ఒకటుంది. అది మా ప్రాక్టికల్ రికార్డుల సంగతి. చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పదు.

ఆస్పిరిన్ మాత్రలో మందు ఎంత శాతం ఉందో లెక్కగట్టే ప్రయోగం అనుకోండి. అంగీకరించే పరిధి 95 నుంచి 105 శాతం. విద్యార్థి టైట్రేషన్ చేస్తే 88 వచ్చింది. మాత్ర సరిగా నూరలేదో, బ్యూరెట్ లీకవుతోందో, ఎండ్ పాయింట్ దాటిపోయాడో, కారణం ఏదైనా కావచ్చు. కానీ సీనియర్ రికార్డులో 98.7 ఉంది. దాన్నుంచి వెనక్కి లెక్కగట్టి బ్యూరెట్ రీడింగ్ మార్చి రాస్తే సంతకం పడుతుంది, మార్కులు పడతాయి. 88 అని నిజం రాస్తే రికార్డు వెనక్కి వస్తుంది. నాలుగేళ్లు, ఆరేళ్లు, ప్రతి వారం మేము అభ్యసించే పాఠం ఇదీ. ఆ చేతులతోనే కంపెనీలోకి వెళ్తాం. అక్కడ అదే పని డేటా ఇంటెగ్రిటీ ఉల్లంఘన. లెక్క ఎవరు రాశారు, చదవడానికి స్పష్టంగా ఉందా, పని జరిగిన క్షణంలోనే రాశారా, అసలు కాగితమేనా, నిజమేనా అని ఐదు ప్రశ్నలతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ యూఎస్‌ఎఫ్‌డీఏ తనిఖీ అధికారి వస్తాడు. చిత్తుకాగితం మీద రాసి తర్వాత ఎక్కించిన ఒక్క రీడింగ్ దొరికినా అభ్యంతరాల జాబితాలోకి ఎక్కుతుంది. అలాంటివి పోగుపడితే వార్నింగ్ లెటర్, అమెరికాకు ఎగుమతులు ఆగిపోవడం, ఆ ప్లాంట్ మీద బతికే వందలమంది కుటుంబాలు రోడ్డున పడటం. ఎగుమతుల సంగతి పక్కన పెట్టినా, మందు చీటీ పట్టుకుని దుకాణానికి వెళ్లే మనిషికి ఆ సంఖ్య నిజం కావాలి కదా.

కాబట్టి విశ్వవిద్యాలయాలన్నీ ఒక సర్క్యులర్ ఇవ్వాలి. ప్రాక్టికల్‌కు విడికాగితాలు, ఇంట్లో కూర్చుని అందంగా రాసే ఫెయిర్ రికార్డులు రద్దు చేసి, పేజీ నంబర్లు ముద్రించిన కుట్టు పుస్తకం పెట్టాలి. రీడింగ్ చూసిన వెంటనే పెన్నుతో అందులోనే రాయాలి. తప్పయితే కింద అంకె కనిపించేలా ఒకే గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేయాలి. 88 వచ్చినవాడికి, ఎందుకు వచ్చిందో వెతికి రాస్తే పూర్తి మార్కులు ఇవ్వాలి. ఇది మా కోరికల్లో అన్నిటికంటే చిన్నది. మా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే.

ఇక కంపెనీల్లో శిక్షణ సంగతి. ఫార్మసీ కౌన్సిల్ బీఫార్మసీ నిబంధనల్లో ఆరో సెమిస్టర్ తర్వాత నాలుగు వారాల్లో 150 గంటల పారిశ్రామిక శిక్షణ ప్రస్తావన ఉంది, కానీ కోరదగినది అన్న శీర్షిక కిందే. ఆచరణలో అది కంపెనీ గేటు ముందు గ్రూప్ ఫోటోగా, కొన్నిచోట్ల డబ్బు కడితే దొరికే సర్టిఫికెట్‌గా మారింది. మరోవైపు అప్రెంటిస్‌షిప్ నియమాల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. అంటే చట్టం ఇప్పటికే మా పక్షాన ఉంది. మందుల పరిశ్రమల్లో ఎన్ని సంస్థలు దీన్ని పాటిస్తున్నాయో కార్మిక శాఖ సంస్థలవారీగా ఏటా బహిరంగంగా ప్రకటించాలి. రాష్ట్రం నుంచి భూమి, రాయితీలు పొందిన కంపెనీలు స్థానిక విశ్వవిద్యాలయాల విద్యార్థులకు స్టైపెండ్‌తో అప్రెంటిస్ సీట్లు ఇవ్వాలన్నది ఒప్పందంలోనే రాయాలి. ఏడాది పొడవునా రెగ్యులర్ ఉద్యోగి పనే చేయించుకుని, ట్రైనీ పేరుతో తక్కువ జీతమిచ్చి, ఏడాది తిరగగానే కొత్త ట్రైనీని తెచ్చుకునే పద్ధతికి అడ్డుకట్ట వేయాలి. నేర్పిందేమిటో నెలనెలా నమోదయ్యే పుస్తకం లేకపోతే దాన్ని శిక్షణగా లెక్కించకూడదు.

అమ్మాయిల విషయం విడిగా చెప్పాలి. మా తరగతుల్లో వాళ్లే ఎక్కువ. ప్రొడక్షన్ ఉద్యోగాల ప్రకటనల్లో మాత్రం పురుషులు మాత్రమే అని అచ్చువేసి ఉంటుంది. రాత్రి షిఫ్టులు, ఊరికి దూరంగా ప్లాంట్లు, రవాణా లేదు అని కారణాలు చెబుతారు. ఇవి సర్దలేని కారణాలు కావు. బస్సు, హాస్టల్, ప్రతి షిఫ్టులో ఒకరికంటే ఎక్కువమంది మహిళలు ఉండేలా చూస్తే సరిపోతుంది. ప్రభుత్వ రాయితీలు తీసుకునే ఏ సంస్థా అలాంటి ప్రకటన వేయకుండా ఉత్తర్వు ఇవ్వాలి. శిక్షణ ప్లాంట్‌లో సగం సీట్లు అమ్మాయిలకు ఉండాలి, ల్యాబ్ బల్లల దగ్గరే కాదు, రియాక్టర్ల దగ్గర కూడా.

ఇక భద్రత సంగతి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక ఫార్మా యూనిట్‌లో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల్లో కలిపే ముడిపదార్థం తయారుచేసే ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో చాలామంది పొట్టకూటికి ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. ఆ ప్రమాదాల బాధ్యత ఎవరిదన్నది విచారణలు, కోర్టులు తేల్చాలి. మేము అడిగేది మా చదువు గురించి. సాల్వెంట్ చార్జ్ చేసేటప్పుడు స్థిర విద్యుత్ ఎలా పుడుతుంది, ఎర్తింగ్ క్లిప్ ఎందుకు పెట్టాలి, నైట్రోజన్ ఎందుకు నింపాలి, గాలిలో తేలే సన్నని పొడి ఎలా పేలుతుంది, అదుపు తప్పిన రియాక్షన్‌కు ముందస్తు గుర్తులేమిటి? ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీలో వందల రియాక్షన్ల మెకానిజమ్‌లు చదివిస్తారు, ఆ రియాక్షన్ మనిషిని ఎలా చంపగలదో చదివించరు. మాలో షిఫ్ట్ కెమిస్టులుగా చేరినవాళ్లు పది పదిహేనుమంది ఆపరేటర్లకు, హెల్పర్లకు పని చెప్పాల్సిన స్థానంలో ఉంటారు. వాళ్ల ప్రాణాలు మా అవగాహన మీద ఉన్నాయి. ప్రాసెస్ సేఫ్టీని ఈ కోర్సులన్నిటిలో తప్పనిసరి పేపరుగా పెట్టాలి. ఆపరేటర్లకు, కాంట్రాక్టు కార్మికులకు శిక్షణ ప్లాంట్‌లోనే వారం రోజుల ఉచిత కోర్సు తెలుగులో, హిందీలో, ఒడియాలో నడపాలి. ఇంగ్లిషులో ఉన్న పని విధానపత్రం (ఎస్‌ఓపీ) మీద చదవలేని మనిషి చేత సంతకం పెట్టించడాన్ని శిక్షణ కింద ఒప్పుకోకూడదు.

పరిశోధన గురించి రాయాల్సింది చాలా ఉంది. ఒక్క సంఘటన చెప్తే సరిపోతుంది. పటాన్‌చెరులో ఫార్మా కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే ఉమ్మడి ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో ఒక పరిశోధనపత్రం బయటపెట్టింది. మందుగా వేసుకున్నప్పుడు మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. మందులకు లొంగని బ్యాక్టీరియా గురించి ప్రపంచమంతా మాట్లాడేటప్పుడు ఇప్పటికీ ఆ పత్రాన్ని ఉదహరిస్తారు. ఆ పని చేసింది స్వీడన్ పరిశోధకులు. ఆ శుద్ధి ప్లాంట్ ఉస్మానియా నుంచి గంటన్నర ప్రయాణం. మన విద్యార్థి నమూనా తెచ్చి, మన ల్యాబ్‌లో పరీక్షించి, మన పేరుతో ప్రచురించాల్సిన విషయం అది. తెలివి లేక కాదు, అంత సున్నితంగా కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌ను నడిపే డబ్బు, నడపగల టెక్నీషియన్, అలాంటి ప్రశ్న అడగగల ధీమా మన విశ్వవిద్యాలయాలకు ఇవ్వలేదు. ఆ ధీమా కల్పించడం కూడా ప్రభుత్వ బాధ్యతే.

నెట్-జేఆర్‌ఎఫ్ వచ్చినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు వస్తోంది. జేఆర్‌ఎఫ్ లేకపోయినా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చదివితే నెలకు 8 వేలు వస్తాయి. ఉస్మానియాలోనో కాకతీయలోనో అదే సబ్జెక్టులో, అదే అర్హతతో పీహెచ్‌డీ చేసేవారికి ఆ ఎనిమిది వేలు కూడా లేవు. పగలు ల్యాబ్, సాయంత్రం జూనియర్ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు, కెమికల్స్ సొంత డబ్బుతో కొనడం, ఇదీ వాళ్ల జీవితం. లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, కెమిస్ట్రీ పూర్తికాలపు పరిశోధకులందరికీ నెలకు 20 వేలకు తగ్గని రాష్ట్ర ఫెలోషిప్, ఏటా కెమికల్స్ ఖర్చులకు విడిగా గ్రాంటు ఇవ్వాలని కోరుతున్నాం. పరిశోధన అంశాల్లో సాల్వెంట్ల పునర్వినియోగం, వ్యర్థజలాల శుద్ధి, ఫర్మెంటేషన్‌కు ప్రాధాన్యం ఉండాలి. చైనా మీద ఆధారపడటం తగ్గించాలని 2024లో కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి తయారీ మొదలైంది. ఒకప్పుడు దేశంలో ఉండి, చౌక దిగుమతుల దెబ్బకు పోయిన విద్య అది. దాన్ని నిలబెట్టాలంటే పెద్ద ఫర్మెంటర్ల దగ్గర పని తెలిసినవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాలకూ కావాలి.

వీటన్నిటికీ చెప్పేవాళ్లు ఉండాలి. మన విశ్వవిద్యాలయాల్లో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఖాళీగా ఉన్నాయి. కమిటీలు వేశారు, మార్గదర్శకాలు ఇచ్చారు, తరగతి గదిలో మాత్రం కొత్త మనిషి కనిపించలేదు. ఈ శాఖల్లో ఖాళీలను ఒక విద్యాసంవత్సరంలో భర్తీ చేయాలి. ఏళ్లుగా పనిచేస్తున్న కాంట్రాక్టు అధ్యాపకుల అనుభవానికి నియామకాల్లో వెయిటేజీ ఇవ్వాలి. పరిశ్రమలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన క్వాలిటీ హెడ్లు, ప్రొడక్షన్ మేనేజర్లు హైదరాబాద్‌లో ఎందరో ఉన్నారు. ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పేరుతో, మంజూరైన పోస్టుల సంఖ్యలో పది శాతానికి మించకుండా, అలాంటివారిని తీసుకోవచ్చని యూజీసీ 2022లోనే వీలు కల్పించింది. తీసుకోండి, కానీ రెగ్యులర్ పోస్టులకు బదులుగా కాదు. మరో సమస్య కూడా ఉంది. ఫీజు బకాయిల పేరుతో కాలేజీలు సర్టిఫికెట్లు ఆపితే చేతికొచ్చిన ఉద్యోగం జారిపోతోంది. రీయింబర్స్‌మెంట్ బకాయిలు విడుదల చేసి, సర్టిఫికెట్ ఆపే ప్రతి కాలేజీ మీద చర్య తీసుకోవాలి.

డబ్బు ఎక్కడినుంచి అన్న ప్రశ్న వస్తుందని తెలుసు. మొదటి ప్లాంట్‌కు భూమి ప్రభుత్వం దగ్గరే ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో పరిశోధనకు కంపెనీలు సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులు ఇవ్వడానికి 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు వీలిస్తోంది. ఇక్కడ లాభాలు గడించే కంపెనీల సీఎస్ఆర్‌లో ఒక భాగాన్ని ఈ ప్లాంట్‌కు రప్పించడానికి ప్రభుత్వం స్వయంగా పూనుకోవాలి. నిర్వహణకు కంపెనీలు తమ ఉద్యోగుల శిక్షణకు కట్టే ఫీజు కొంత తోడవుతుంది. ఒక్క షరతు. డబ్బు ఎవరిచ్చినా ప్లాంట్ యాజమాన్యం విశ్వవిద్యాలయాల చేతుల్లోనే ఉండాలి. పాలకమండలిలో అధ్యాపకులు, విద్యార్థులు, కార్మికుల ప్రతినిధులు ఉండాలి. యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ ఈ పనిలో భాగస్వామి అయితే మాకు సంతోషమే. అయితే స్కిల్ వేరు, డిగ్రీ వేరు అన్న గోడ కడితే ఆపరేటర్ ఎప్పటికీ ఆపరేటర్‌గానే మిగిలిపోతాడు. ఐటీఐ చదివి వచ్చిన ఆపరేటర్ ఈ ప్లాంట్‌లో సంపాదించిన క్రెడిట్లు రేపు అతను డిగ్రీలో చేరితే చెల్లుబాటు కావాలి.

ఈ వినతిపత్రం అందిన ముప్పై రోజుల్లో విద్య, పరిశ్రమలు, కార్మిక శాఖల అధికారులతో ఉమ్మడి సమావేశం ఏర్పాటు చేయాలని కోరుతున్నాం. మా తరఫున ఒక విద్యార్థి, ఒక విద్యార్థిని, ఒక పరిశోధకురాలు, ఒక కాంట్రాక్టు అధ్యాపకుడు, షిఫ్టులో పనిచేస్తున్న ఒక కెమిస్టు వస్తారు. ప్రాక్టికల్ రికార్డుల సర్క్యులర్‌పై, అప్రెంటిస్‌ల లెక్కల ప్రకటనపై ఆ సమావేశంలోనే నిర్ణయం వెలువడాలని, శిక్షణ ప్లాంట్ సవివర నివేదికకు అదే రోజు గడువు తేదీ ఖరారు చేయాలని, వచ్చే బడ్జెట్‌లో దానికి విడిగా పద్దు పెట్టాలని మనవి.

ఇట్లు,
రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఫార్మసీ, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, రసాయనశాస్త్ర విద్యార్థులు, పరిశోధకులు, కాంట్రాక్టు అధ్యాపకులు, మందుల పరిశ్రమల యువ ఉద్యోగులు
(సంతకాల పత్రాలు జతచేశాం)

హైదరాబాద్